తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏ పురుగు ఏ మొక్కను తింటోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం మారి కోస్తా నుంచి తిరుపతి వచ్చినప్పుడు నాలుగు నోటు పుస్తకాలు వెంట తెచ్చుకున్నాను. ఏ పురుగును ఏ మొక్క మీద, ఏ నెలలో చూశానో ఏళ్ల తరబడి రాసుకున్నవి. ఇక్కడికొచ్చాక వాటిలో సగం పనికిరాలేదు. చెట్లు వేరు, చెట్లను పిలిచే పేర్లు వేరు, వానలు పడే నెలలు కూడా వేరు. మళ్లీ మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున నాతో కలిసి తిరిగేవాళ్లు ఇప్పుడు పదిమంది దాకా ఉన్నారు. డిగ్రీ పిల్లలు, రిటైరైన ఒక టీచరుగారు, ఇద్దరు మామిడి రైతులు. వాళ్లు దారిలో అడిగేవీ, కొత్తవాళ్లు ఫోన్లో అడిగేవీ ఇక్కడ ఒకచోట చేర్చాను.

రికార్డు అంటే అసలు ఏం రాయాలి?

తేదీ, చోటు, చూసినవారి పేరు ఎలాగూ రాస్తాం. వాటితో పాటు నాలుగు సంగతులు కావాలి: ఏ పురుగు, ఏ మొక్క, మొక్కలో ఏ భాగం, అక్కడ ఆ పురుగు ఏం చేస్తోంది. చాలామంది వదిలేసేది ఈ చివరిదాన్నే. "జిల్లేడు మీద గొంగళి పురుగు" అని రాస్తే తర్వాత చదివేవాడికి ఏమీ తెలియదు. "జిల్లేడు లేత ఆకు అడుగున, పసుపు నలుపు పట్టీల గొంగళి, ఆకు అంచు కొరుకుతోంది, పావు ఆకు అయిపోయింది" అని రాస్తే పదేళ్ల తర్వాత కూడా అది పనికొస్తుంది. పురుగు ఏ దశలో ఉందో కూడా రాయండి: గుడ్డా, పిల్ల పురుగా, ప్యూపానా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ), రెక్కలొచ్చినదా.

మొక్క మీద కనబడింది అంటే ఆ మొక్కను తింటున్నట్టే కదా?

కాదు. ఈ పనిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి. అందుకే దీనికి కాస్త పెద్ద జవాబు చెప్తాను.

తిరుపతిలో మేం మొదట అద్దెకున్న ఇంట్లో తులసికోట ఉండేది. ఒకరోజు నీళ్లు పోస్తుంటే తులసి కొమ్మకి లేతాకుపచ్చ ప్యూపా ఒకటి తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. దాని చుట్టూ బంగారు రంగు చుక్కలు, పొద్దుటి ఎండలో మెరుస్తున్నాయి. సంతోషం పట్టలేక "ఆహార మొక్క: తులసి" అని రాసేశాను. వారం తిరిగాక ప్యూపా నల్లబడింది, మర్నాడు దాంట్లోంచి నారింజ రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక బయటికొచ్చింది. అప్పుడు అనుమానం వచ్చి ప్రహరీ అవతల చూశాను. జిల్లేడు పొద ఉంది, పై ఆకులన్నీ తినేసి ఈనెలు మాత్రమే మిగిలాయి. కడుపు నిండిన గొంగళి ప్యూపాగా మారడానికి చోటు వెతుక్కుంటూ గోడ దాటి వచ్చింది, అంతే. తులసితో దానికి ఏ సంబంధమూ లేదు. ఆ పేజీలో తులసిని కొట్టేసి "ప్యూపాకు ఆసరా మాత్రమే" అని రాశాను. ఇప్పటికీ ప్యూపా కనబడితే చుట్టూ పది అడుగుల మేర ఉన్న మొక్కలన్నీ చూసి రాస్తాను.

అక్షింతల పురుగులది ఇంకో రకం చిక్కు. వంగ మొక్క మీద రెండు రకాలు కనబడతాయి. ఒకటి ఆకుల రసం పీల్చే చిన్న పురుగుల్ని, అంటే పేనుబంకను, తినడానికి వస్తుంది, అది రైతుకు మిత్రుడు. ఇంకోటి, ఒంటి మీద 28 చుక్కలుండే ఎపిలాక్నా, ఆకు పచ్చదనం గీరి గీరి జల్లెడ చేస్తుంది. రెండూ గుండ్రంగా, ఎర్రగా, చుక్కలతోనే ఉంటాయి. నోరు ఎక్కడ ఆడుతోందో చూడకుండా రాస్తే మిత్రుణ్ని దొంగగా రాసినట్టవుతుంది.

గిలిగిచ్చ మొక్క సంగతి మరీ విచిత్రం. ఎండిన గిలిగిచ్చ కొమ్మల మీద బ్లూ టైగర్ లాంటి సీతాకోకచిలుకలు గుంపులుగా వాలి, కాళ్లతో గీరి, కారిన రసం పీల్చడం చూస్తాం. అది తిండి కోసం కాదు. ఆ రసంలోని ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు మగవాటికి జతకట్టడంలో పనికొస్తాయి. వాటి గొంగళ్లు ఆ మొక్కను తినవు.

కాబట్టి నా లెక్క ఇది. కొరుకుతుండగా, పీలుస్తుండగా, తొలుస్తుండగా చూస్తే "తింటోంది" అని రాయండి. గుడ్లు పెడుతుంటే "గుడ్లు పెట్టింది" అనే రాయండి, ఆడ పురుగులు కూడా అప్పుడప్పుడు పొరపాటున వేరే మొక్క మీద పెట్టేస్తాయి. ఊరికే వాలి ఉంటే "వాలి ఉంది" అనండి చాలు. వలతో గడ్డి మీద ఊడ్చి పట్టినవి, గొడుగు తిరగేసి పట్టుకుని కొమ్మ దులిపితే పడినవి, రాత్రి లైటు దగ్గరికి వచ్చినవి ఏవీ ఆహార మొక్కకు రుజువు కావు. అవి ఆ ఊళ్లో ఉన్నాయని మాత్రమే చెప్తాయి.

సీతాకోకచిలుక పువ్వు మీద తేనె తాగితే?

అది తేనె మొక్క, వేరే గడిలో రాయండి. లంటానా పూల మీద పొద్దున్నే అరడజను రకాలు వాలతాయి, వాటిలో ఒక్కటి కూడా తన పిల్లల్ని ఆ ఆకుల మీద పెంచదు. రెక్కలొచ్చాక ఏ పూల మీద తిరిగినా గుడ్లు పెట్టేటప్పుడు మాత్రం సొంత మొక్క దగ్గరికే వస్తాయి. నిమ్మ, కరివేపాకు, మారేడు మీద లైమ్ బటర్‌ఫ్లై. రేల చెట్టు మీద కామన్ ఎమిగ్రంట్. ఆముదం మీద కామన్ కాస్టర్. గన్నేరు మీద కామన్ క్రో. ఈ నాలుగూ మీ వీధిలోనే దొరుకుతాయి.

మొక్క పేరు తెలియకపోతే ఏం చేయాలి?

పురుగు గురించి ఎంత ఆరాటపడతామో మొక్క గురించి కూడా అంతే పడాలి. మనలో చాలామందికి ఆ అలవాటు లేదు. పురుగుకి ఇరవై ఫొటోలు తీస్తారు, మొక్కకి ఒక్కటి కూడా ఉండదు.

పైగా మన పేర్లతోనే తంటా ఉంది. "గన్నేరు ఆకు తింటోంది సార్" అని ఒకబ్బాయి ఫోన్ చేశాడు. ఏ గన్నేరు నాయనా? ఎర్ర గన్నేరు ఒక ప్రజాతి, పచ్చ గన్నేరు ఇంకోటి, గుడి దగ్గరుండే దేవగన్నేరు మరోటి, కుండీలో పెంచే బిళ్ళ గన్నేరు నాలుగోది. నాలుగూ ఒకే కుటుంబం, కానీ నాలుగూ వేర్వేరు మొక్కలు. అతను పంపిన ఫొటోలో పచ్చగా, బొటనవేలంత లావున, తల దగ్గర నీలం కన్నుల్లాంటి రెండు మచ్చలతో ఒలియాండర్ హాక్ మాత్ గొంగళి ఉంది. అది ఎర్ర గన్నేరునూ తింటుంది, బిళ్ళ గన్నేరునూ తింటుంది, నందివర్ధనాన్నీ తింటుంది. కాబట్టి గన్నేరు అన్న మాటతో ఏమీ తేలలేదు. మర్నాడు పువ్వు ఫొటో పంపితే బిళ్ళ గన్నేరని తెలిసింది.

అవిసె అన్నా ఇంతే. ఒకరికి అది పెద్ద తెల్లపూల చెట్టు, ఇంకొకరికి నూనెగింజల పైరు. మద్ది అంటే నల్లమద్దా, తెల్లమద్దా? ఊళ్లో పెద్దవాళ్లు చెప్పిన పేరు తప్పకుండా రాసుకోండి, ఆ పేరు ఇంకెక్కడా దొరకదు. దాని పక్కనే శాస్త్రీయ నామం ఉంటేనే వేరే ఊరివాళ్లకు అర్థమవుతుంది.

ఫొటోలు ఇలా తీయండి: చెట్టు మొత్తం, బెరడు, కొమ్మ మీద ఆకులు అమరిన తీరు, ఒక ఆకు పైవైపు, అదే ఆకు అడుగువైపు, పువ్వో కాయో ఉంటే అది. రోడ్డు పక్కనో మీ దొడ్లోనో అయితే చిన్న రెమ్మ తుంచి పాత దినపత్రిక మడతల్లో పెట్టి బరువు పెట్టండి, రోజూ కాగితం మార్చితే వారంలో ఎండిపోతుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం లాంటి చోట్ల మొక్కలు గుర్తుపట్టే చెయ్యి తిరిగినవాళ్లుంటారు. ఎండిన రెమ్మ చూపిస్తే నిమిషంలో చెప్తారు, మసక ఫొటో చూపిస్తే పాపం వాళ్లు మాత్రం ఏం చెప్తారు.

పురుగు పేరు జాతి దాకా తేలకపోతే రికార్డు పనికిరాదా?

పనికొస్తుంది. తెలిసినంతవరకే రాయండి. "పేనుబంక, పసుపు రంగు, నల్ల కాళ్లు, జిల్లేడు మొగ్గల మీద గుంపు" అంటే అది మంచి రికార్డే. ఊహించి పేరు పెట్టేస్తే ఎంత నష్టమో మన దక్షిణాదికి బాగా తెలుసు. 1795లో ఎర్ర రంగు తీసే కొచినీల్ పురుగు అనుకుని బ్రెజిల్ నుంచి ఒక పిండినల్లి లాంటి పురుగును ఇండియాకి తెచ్చారు. అది అసలుది కాదు, దాని చుట్టం. మంచి రంగు ఇవ్వలేదు సరికదా, ఒక రకం నాగజెముడును దాదాపు ఊడ్చేసింది. మిగతా నాగజెముడు రకాల జోలికి పెద్దగా పోలేదు. వాటి మీదికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో జాతిని తేవాల్సొచ్చింది. కంటికి అన్నీ ఒకే తెల్ల పిండిలా కనబడతాయి, తినే మొక్క దగ్గర మాత్రం దేని దారి దానిదే.

పురుగు కనబడట్లేదు, ఆకు మీద గుర్తులే ఉన్నాయి. రాయొచ్చా?

రాయండి, కానీ "గుర్తులు మాత్రమే" అని స్పష్టంగా పెట్టండి. కొన్ని గుర్తులు పురుగు పేరు దాదాపుగా చెప్పేస్తాయి. నిమ్మ లేత ఆకులో వెండి తీగలాగా వంకర్లు తిరిగిన పాముపొడ కనబడితే ఆకు పొరల మధ్య తొలిచే పురుగు ఉందన్నమాట, ఎండకి ఎత్తి చూస్తే దారి చివర అదే కనబడుతుంది. మామిడాకుల మీద ఆవగింజల్లాంటి బుడిపెలుంటే అవి బుడిపె ఈగల పని. మామిడి ఆకుల మీద జిగురు, దాని మీద నల్లటి మసి కనబడితే పైన పూతలో తేనెమంచు పురుగుల్ని వెతకండి. చీమలు బారులు తీరి కొమ్మ ఎక్కుతుంటే వాటి వెనకే వెళ్లండి, సాధారణంగా పేనుబంక దగ్గరికో పిండినల్లి దగ్గరికో తీసుకెళ్తాయి.

కొన్ని మోసం చేస్తాయి. కానుగ ఆకుల నిండా లేచే బుడిపెల్ని అందరూ పురుగు ఖాతాలో రాస్తారు. అవి నల్లి చేసినవి. భూతద్దంలో కూడా సరిగా ఆనని, నాలుగే కాళ్లుండే సూక్ష్మ నల్లి. ఆ రికార్డూ ముఖ్యమే, కానీ కీటకాల పట్టికలో వేయకూడదు. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి గుర్తుందా? శిలీంధ్రం, టీ దోమ (పేరుకే దోమ, లేత కొమ్మల రసం పీల్చే పురుగు) రెండిటి పేరూ వినబడింది. ఎండిన కొమ్మను చూసి దోమ అని రాసేస్తే అది రికార్డు కాదు, మన అభిప్రాయం.

గొంగళి పురుగును ఇంటికి తెచ్చి పెంచాలా?

వీలైతే పెంచండి. ఇంతకంటే గట్టి రుజువు లేదు. చిన్నప్పుడు పక్షి రెట్టలా కనబడే కరివేపాకు గొంగళి పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. రెండు మూడు జాతుల పిల్లలు ఒకేలా ఉంటాయి. రెక్కలొచ్చాకే గట్టిగా చెప్పగలం.

ఈ విద్య మన వైపు ఎవరికీ కొత్త కాదు. కుప్పం, పలమనేరు వైపు పట్టు రైతుల ఇళ్లలో ఆడవాళ్లు చేసేది చూడండి. తడి లేని తాజా ఆకు, రోజూ రెట్టల శుభ్రం, గాలి, గది పక్కన మందు వాసన లేకుండా జాగ్రత్త. మనకి కావాల్సింది కూడా అంతే. మూతకి పలచటి గుడ్డ కట్టిన ప్లాస్టిక్ డబ్బా, అడుగున కాగితం, ఏ మొక్క మీద దొరికిందో అదే మొక్క ఆకు. డబ్బా మీద పెన్సిల్‌తో మొక్క పేరు, తేదీ. వేరే ఆకు వేసి "ఇదీ తింటుందేమో" అని పరీక్ష పెట్టకండి. ఆకలికి తిన్నదాన్ని ఆహార మొక్క అని రాయలేం.

ఒక్కోసారి సీతాకోకచిలుకకు బదులు డబ్బాలో ఈగలో, చిన్న కందిరీగలో తేలతాయి. ఏడవకండి. పట్టు రైతులకు పట్టుపురుగును తినేసే ఊజి ఈగ పేరు చెప్తే ఎంత కోపమొస్తుందో నాకు తెలుసు, కానీ మన పుస్తకంలో అది విలువైన పేజీ: ఈ మొక్క, దాని మీద ఈ గొంగళి, దాన్ని తిన్న ఈ ఈగ. మూడూ ఒకే వరుసలో రాయండి.

వెంట్రుకల గొంగళ్లను చేత్తో ముట్టుకోవద్దు. మునగ మాను మీద గుంపుగా అతుక్కుని ఉండేవాటితో ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి.

ఏ కాలంలో తిరగాలి?

కోస్తా లెక్క ఇక్కడ పనిచేయదని నేను మొదటి ఏడాదే నేర్చుకున్నాను. ఇక్కడ నైరుతి వానలతో పాటు ఈశాన్య వానలూ బాగా పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండ కింద ఎక్కడ చూసినా లేత ఆకే. లేత ఆకు ఉన్నచోట గొంగళి ఉంటుంది. జూన్, జూలైలో మొదటి మంచి వాన తర్వాత వేరుశనగ చేల దగ్గర ఎర్ర గొంగళి తల్లి పురుగులు లేస్తాయి. సంక్రాంతి ముందూ వెనకా మామిడి పూత చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో అడవి చెట్లు చాలావరకు ఆకు రాల్చి ఉంటాయి, అప్పుడు చెరువు గట్లు, ఇంటి దొడ్లు తిరగండి.

శేషాచలం అడవిలోకి వెళ్లొచ్చా?

అక్కడే మొదలుపెట్టాలని అందరికీ ఉంటుంది. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989 నుంచి, శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు 2010 నుంచి ఉన్నాయి. అటవీ శాఖ అనుమతి కాగితం లేకుండా లోపలికి వెళ్లడం, అక్కడి నుంచి పురుగునో రెమ్మనో తేవడం నేరం. ఎర్రచందనం ఉన్న కొండలు కాబట్టి సిబ్బంది ఎప్పుడూ అప్రమత్తంగా ఉంటారు, చీకట్లో టార్చీ సంచీతో తిరిగేవాణ్ని సీతాకోకచిలుకల కోసం వచ్చాడని వాళ్లెందుకు నమ్మాలి? నడకదారుల్లో చిరుతలు తిరుగుతాయి. పలమనేరు, కుప్పం పొలిమేరల్లో ఏనుగులు వస్తాయి. తెల్లవారాక వెళ్లి పొద్దుగూకకముందే వచ్చేయండి, ఒంటరిగా వద్దు.

అనుమతి ఉన్న దారిలో నడుస్తూ చూసి, ఫొటో తీసి, రాసుకుని రావడం చాలావరకు సరిపోతుంది.

రైతు తోటలోకి ఎలా వెళ్లాలి?

అడిగి వెళ్లాలి. బంగారుపాళ్యం దగ్గర ఒక తోట గట్టున వంగి ఆకులు తిరగేస్తుంటే వెనకనుంచి "ఏం నాయనా, ఏం వెతుకుతా ఉండావు?" అని ఒక పెద్దాయన. చెప్పాను. ఆయన నవ్వి, తోతాపురి చెట్టు కింద రాలిన కాయ కోసి టెంకలోని పురుగు చూపించాడు. ఏ చెట్టుకి ఏటేటా వస్తుందో, ఏ చెట్టుకి రాదో ఆయనకి వేళ్ల మీద ఉంది. ఆ రోజు నేను రాసింది నా పరిశీలన కాదు, ఆయనది. పక్కన ఆయన చెప్పారనే రాశాను.

మందు ఎప్పుడు కొట్టారో ముందే అడగండి. "అన్నా, ఈ చెట్లకి మందు కొట్టి ఎన్ని రోజులైంది?" అన్న ఒక్క ప్రశ్న చాలు. కొత్తగా కొట్టి ఉంటే ఆకులు ముట్టుకోవద్దు, అక్కడ పురుగు లేదని రాయడమూ వద్దు.

ఇది కొత్త ఆహార మొక్క అని ఎప్పుడు చెప్పొచ్చు?

తొందరపడి చెప్పకండి. వయ్యారిభామను అదుపు చేయడానికి 1980లలో మెక్సికో నుంచి తెచ్చిన జైగోగ్రామా పెంకుపురుగు కథ గుర్తుంచుకోవాలి. తర్వాతి రోజుల్లో అది పొద్దుతిరుగుడు ఆకుల మీద కనబడేసరికి అందరికీ పెద్ద టెన్షన్. నిదానంగా పరిశోధిస్తే పొద్దుతిరుగుడు దాని అసలు తిండి కాదని తేలింది.

నేను మూడు చూస్తాను. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మొక్కల మీద మళ్లీ కనబడిందా? ఆ ఆకు మీదే పెరిగి రెక్కలొచ్చాయా? మొక్కనూ పురుగునూ తెలిసినవాళ్లు ఎవరైనా చూశారా? మూడూ ఉంటే అప్పుడు పాత ప్రచురణలు వెతికి, లేకపోతే "నేను చూసినంతలో ఇది కొత్త" అనొచ్చు.

ఈ ప్రాంతంలో అలా ఓపిగ్గా చూడాల్సిన మొక్కలు చాలా ఉన్నాయి. ఈతచెట్టులా కనబడే, ఈ కొండలకే పరిమితమైన సైకాస్ బెడ్డోమీ ఒకటి. ఇంకా మొగి నేరేడు, కొండ సాంబ్రాణి, జాలారి. తోటల్లో పెంచే సైకాస్ లేత ఆకుల మీద ప్లెయిన్స్ క్యూపిడ్ అనే చిన్న నీలి సీతాకోకచిలుక పిల్లలు పెరగడం తరచూ చూస్తాం. కొండ మీద సహజంగా మొలిచిన సైకాస్ చిగురు వేసే వారం ఏముంటుందో కళ్లారా చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది.

చోటు ఎలా రాయాలి? పాత చిత్తూరా, కొత్త తిరుపతా?

2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా. పాత పుస్తకాల్లో చిత్తూరు జిల్లా అని ఉంటే అది ఇవాళ్టి తిరుపతిలోదీ కావచ్చు. సూళ్లూరుపేట పాత రికార్డులైతే నెల్లూరు కింద ఉంటాయి. అందుకే ఊరు, మండలం, జిల్లాతో పాటు ఫోన్లో వచ్చే అక్షాంశ రేఖాంశాలూ రాయండి. దశాంశం తర్వాత నాలుగు అంకెలుంటే పది మీటర్ల లోపు చోటు దొరుకుతుంది. ఎత్తు కూడా కావాలి: తిరుపతి సుమారు 150 మీటర్లు, తిరుమల సుమారు 850. మెట్లదారిలో గంటన్నర నడిస్తే చెట్లే మారిపోతాయి.

అరుదైన మొక్కలు, ఎర్రచందనం ఉన్న చోట్ల కచ్చితమైన అంకెలు మీ నోటు పుస్తకంలోనే ఉంచండి. బయట పెట్టేటప్పుడు మండలం పేరు చాలు.

రాసినవి ఎక్కడ పెట్టాలి?

ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్లలో పెట్టొచ్చు. పురుగుకి ఒక ఎంట్రీ, మొక్కకి ఇంకో ఎంట్రీ వేసి రెండిటినీ ఒకదానికొకటి ముడిపెట్టండి. పంట మీద ఎప్పుడూ చూడని పురుగు గుంపుగా కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో వ్యవసాయ కళాశాల కీటక విభాగానికో ఫొటోలు చూపించండి. టమాటాను తొలిచే టూటా అబ్సొల్యూటా మన దేశంలో 2014లో మహారాష్ట్రలో బయటపడి, కొద్దికాలానికే మన వైపు కూడా వచ్చేసింది. అలాంటప్పుడు మొదటి వారం చాలా విలువైనది.

వెతికాం, ఏమీ కనబడలేదు. అది కూడా రాయాలా?

రాయాలి. ఎంతసేపు, ఎన్ని ఆకులు తిరగేశారో రాసి "లేదు" అని పెట్టండి. మా వీధి చివర నాటిన ఎర్రచందనం చెట్టు ఒకటుంది. నెలకోసారి ఇరవై నిమిషాలు దాని కింది కొమ్మలు చూస్తాను. ఎక్కువసార్లు ఖాళీ. మొన్న జూన్‌లో తొలి వాన పడ్డాక ఒక లేత ఆకు అడుగున, చిటికెన వేలి గోరంత మేర, పచ్చదనం గీరేసి పలచటి పొర మిగిలి ఉంది. గీరినది అక్కడ లేదు. పక్క ఆకులు, కొమ్మ చంకలు, కింద నేల అన్నీ చూశాను. "గీరిన గుర్తు ఒకటి, పురుగు లేదు, రాత్రి టార్చీతో మళ్లీ చూడాలి" అని రాసుకున్నాను.